దిమ్మ పెట్టేనండి

ఒక కొబ్బరి దిమ్మని పన్నెండేళ్లుగా మోస్తున్నాను. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. ఒకవైపు ఏటవాలుగా చెక్కి, దాని మీద పాత టైరు ముక్క మేకులతో కొట్టి ఉండేది. ఇప్పుడది నా దగ్గర లేదు. గోదావరిలో కొట్టుకుపోయింది. ఏ లంక ఒడ్డుకో చేరి, ఎవరి పొయ్యిలోనో కాలిపోయి ఉంటుంది. నా మీద మాత్రం ఆ బరువు అలాగే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకి చెబితే నవ్వుతారు. నేను నోరు విప్పితే నవ్వడం వాళ్లకి అలవాటు. ఏళ్ల తరబడి కష్టపడి నేనే చేసిన అలవాటు. అమలాపురం బస్టాండు పక్క టీ కొట్లో నేను "ఒట్టు, ఇది నిజం" అన్నానంటే చాలు, అవతలి బల్ల మీదవాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరుగుతారు. నిజం చెప్పుకోవడానికి ఈ కోనసీమలో నాకు చోటు లేకుండా చేసుకున్నాను. అందుకే ఈ కాగితం.

ఒక మాట ముందే చెబుతాను. నాకు ఏడుపు రావడం లేదు. కోపంగా ఉంది. ఎవరి మీద అంటే, రాస్తూ ఉంటే తేలుతుందేమో చూద్దాం.

డెబ్బైలలో మాట. ఒక పళ్లపొడి కంపెనీవాళ్లు పాత వ్యాను ఒకటి కొని దాని లోపల ఇల్లు కట్టించారు. ఇల్లనే అంటాను. పడుకోవడానికి అటూ ఇటూ రెండు చెక్కబల్లలు, మూల కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, బట్టలు ఆరేసుకోవడానికి తాడు. మిగతా చోటంతా పళ్లపొడి బస్తాలు. పైన రెండు మైకు గొట్టాలు. బయట రెండు పక్కలా పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. కచ్చికతోనూ వేపపుల్లతోనూ పళ్లు తోముకునే ఊళ్లకి వెళ్లి గులాబీరంగు పొడి అలవాటు చెయ్యాలి. మైకులో మాట్లాడటం నా పని. బండి నడపడం ఏసుపాదం గారి పని.

ఏసుపాదం గారిది రాజోలు దగ్గర, ఊరికి అవతల ఉండే ఒక పేట. అప్పటికే యాభై దాటిన మనిషి. వాళ్ల చర్చి సంఘానికి పెద్ద. తాళంచెవి తిప్పే ముందు స్టీరింగు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ఓ నిమిషం ప్రార్థన చేసుకునేవారు. ఆ నిమిషం నేను పక్కన కూర్చుని ఆవలించేవాణ్ణి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన నన్ను "అబ్బాయిగారూ" అని, "మీరు" అని పిలిచేవారు. పేట మనిషి కాబట్టి అలా పిలవాలి. నేను ఊళ్లో మనిషిని కాబట్టి అలా పిలిపించుకోవాలి. అప్పట్లో అది నాకు గాలి పీల్చినంత మామూలుగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కొత్తపేటలో బయల్దేరి అంబాజీపేట, గన్నవరం, తాటిపాక, రాజోలు, మలికిపురం మీదుగా సముద్రం దాకా వెళ్లాం. అక్కడినుంచి మళ్లీ కాలవగట్లు పట్టుకుని, పేరు అడిగితే తప్ప తెలియని ఊళ్లన్నీ తిరుగుతూ వెనక్కి వచ్చాం. ఇరవై రెండు రోజులు ఆ బండే మాకు ఇల్లు. గతుకులకి ఒక బస్తా పగిలిపోయి లోపలంతా గులాబీపొడి పరుచుకుంది. అన్నంలో అదే, దుప్పట్లో అదే. ఆయన పొద్దున్నే కాలవలో నీళ్లు తోడి బండి కడిగేవారు. నేను గట్టు మీద కూర్చుని ఆ పూట చెప్పబోయే అబద్ధాలకి పదును పెట్టేవాణ్ణి.

సముద్రం దగ్గరి ఊళ్లో ఒక మామ్మగారు బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, బొమ్మలో ఆవిడ లోపలే ఉంటుందా అని అడిగింది. స్నానం చేస్తోంది, కాసేపట్లో వస్తుంది అన్నాను. పాపం, ఇసకలో చతికిలబడి ఎదురుచూసింది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. చివరికి ఏసుపాదం గారే దిగి వెళ్లి, లోపల ఎవరూ లేరని చెప్పి, ఒక పొట్లం చేతిలో పెట్టి పంపించారు. నా వంక ఒకసారి చూసి బండెక్కారు. ఆ చూపుకి అర్థం ఆ రోజే తెలిసి ఉంటే ఈ కాగితం అవసరం ఉండేది కాదు.

ఇక దిమ్మ సంగతి. ఆ బండికి చేతిబ్రేకు పని చేసేది కాదు. కంపెనీవాళ్లకి చెబితే వచ్చే ట్రిప్పులో చూద్దాం అన్నారు. అందుకని ఆయన కొబ్బరి మొద్దు ఒకటి తెచ్చి, స్వయంగా చెక్కి, జారకుండా టైరు ముక్క కొట్టి, దిమ్మ తయారు చేసుకున్నారు. బండి ఆగగానే నేను దిగి వెనక చక్రం కింద దిమ్మ పెట్టాలి. ఆయన కాలు బ్రేకు మీద ఉంచుకుని లోపల్నుంచి అడుగుతారు. పెట్టాను అని నేను చెప్పాలి. ఆ మాట చెవిన పడ్డాకే కాలు తీస్తారు. అద్దంలో చూసుకోవడం, దిగి వచ్చి చూడటం ఏమీ లేదు. రోజుకి పదిసార్లు, ఇరవై రెండు రోజులు, ఆయన కాలు కదలడం నా నోటి మీద ఆధారపడి ఉండేది. ఆలోచించండి. నా నోటి మీద.

చివరి రోజు ముక్తేశ్వరం రేవులో గౌతమి దాటాలి. దాటితే కోటిపల్లి, అవతల కంపెనీవాళ్లకి బండి అప్పగించి ఇళ్లకి. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీదకి బండి ఎక్కించారు. పంటు మీద నలభై మంది ఉన్నారు. కాదు, కొట్టేస్తున్నాను. పదిమంది ఉంటారు. చూశారా, చెయ్యి ఎలా పోతోందో. పదిమంది. అరటిగెలలతో ఇద్దరు, సైకిలుతో ఒక మేష్టారు, పెళ్లికి వెళ్తున్న ఒక కుటుంబం. నేను రేవులో స్నానం చేసి, చలవచేసిన తెల్ల ప్యాంటు వేసుకుని, బండి దిగి, దిమ్మ చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లాను. అంతలో మేష్టారు నన్ను గుర్తుపట్టి, మైకులో విన్న గొంతు కదా, ఏదైనా చెప్పండి అన్నారు.

అంతే. అంతకుమించి కారణం ఏమీ లేదు.

మా తాతగారు లంకలో ఎద్దుకి జోడీగా మొసలిని కాడికి కట్టి దున్నిన కథ ఎత్తుకున్నాను. నిలబడి చెబితే పండదు ఆ కథ. కూర్చుని, చేతులతో కాడి పట్టి చూపించాలి. కూర్చోవడానికి ఏముంది? చేతిలో దిమ్మ ఉంది. చక్రానికి బారెడు దూరంలో దాన్ని బల్లల మీద పడేసి, దాని మీద కూర్చున్నాను.

మొసలి చాలు చివర మలుపు తిరిగే చోటికి వచ్చాను. అక్కడే నవ్వు పుడుతుంది. సరిగ్గా అప్పుడు బండిలోంచి ఆయన గొంతు.

"దిమ్మ పెట్టేరా అబ్బాయిగారూ?"

"పెట్టేనండి."

ఆ మాట కోసం కథ కూడా ఆపలేదు. మొసలికీ తోకకీ మధ్య ఎక్కడో పడేశాను దాన్ని. మర్చిపోయి అన్నానా? ఈ ప్రశ్న పన్నెండేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. మర్చిపోయానని అనుకుంటే ఎంత బాగుణ్ణు. కానీ దిమ్మ అంచు నా తొడకి గుచ్చుకుంటోంది. కింద ఏముందో నాకు తెలుసు. ఇంకో రెండు మాటల్లో నవ్వు వచ్చేస్తుంది, అప్పుడు లేచి పెడదాం అనుకున్నాను. ఒక నవ్వు కోసం, పదిమంది నవ్వు కోసం.

గెడలు వేసి పంటుని ఒడ్డు నుంచి నెట్టారు. పంటు ఒకసారి ఊగింది. బండి వెనక్కి కదిలింది. నెమ్మదిగానే కదిలింది. లేచి దిమ్మ తోసి ఉంటే ఆగేదేమో. నేను నోరు తెరుచుకుని చూశాను. వెనక చక్రాలు పంటు అంచు దాటాయి. నవ్వుతున్న ఆ ఆడమనిషి బొమ్మ ఆకాశంకేసి లేచింది. బండి ఆయనతో సహా వెనక్కి నీళ్లలోకి దిగిపోయింది.

రేవు దగ్గర ఛాతీలోతే ఉంది కాబట్టి ఆయన బతికారు. కిటికీలోంచి బయటపడి, నుదురు చిట్లి రక్తం కారుతూ, పంటు అంచు పట్టుకున్నారు. అందరూ అటు పరిగెత్తారు. అప్పుడు నేనేం చేశానో వినండి. ఇది ఎవరికీ తెలియదు. దిమ్మని కాలితో నెట్టి రెండో పక్క నీళ్లలోకి పడేశాను. పెట్టిన దిమ్మ జారిపోయిందని అందరూ అనుకోవాలి. ఆ ఆలోచన రావడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. ఆయన్ని పట్టుకుని పైకి లాగడానికి వెళ్లినవాళ్లలో నేను లేను.

ఆయన్ని పైకి తీశాక, తడి బట్టలతో నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నది మీద దిమ్మ తేలుతూ పోతోంది. దాన్ని చూశారు. నన్ను చూశారు.

"దిమ్మ పెట్టేరా అబ్బాయిగారూ?" మళ్లీ అదే మాట, అదే గొంతుతో.

"పెట్టేనండి. జారిపోయినట్టుందండి."

ఓ అడుగు పక్కకి వేసి నా వెనక చూశారు. తర్వాత గొంతు తగ్గించి, పక్కవాళ్లకి వినపడకుండా అన్నారు.

"ప్యాంటుకి వెనకాల పొడంటుకుందండి. దులుపుకోండి."

వెనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాను. అరచేతికి గులాబీరంగు. బండిలో పగిలిన బస్తా పొడి ఆ దిమ్మకి మందంగా పట్టి ఉంది. తెల్ల ప్యాంటు మీద దాని అచ్చు, నాలుగు మూలలతో సహా.

దులుపుకున్నాను. ఆయన చెప్పినట్టే శుభ్రంగా దులుపుకున్నాను.

కంపెనీవాళ్లు వచ్చి అడిగారు. దిమ్మ పెట్టాను, ఆయన కాలు తీశారు అన్నాను. ఆయన్ని అడిగితే, నా కాలు నేనే తీశానండి అన్నారు. అది నిజమే. ఆయన ఉద్యోగం పోయింది. నా ఉద్యోగం పోలేదు. ఇంతవరకు చేసిందే ఒక మనిషికి చాలు. నాకు చాలలేదు.

నెల తిరక్కుండానే కొత్తపేటలో ఒక టీ కొట్లో ఆ కథ మొదటిసారి చెప్పాను. పళ్లపొడి బస్తాలన్నీ గోదావరిలో కలిశాయి, నీళ్లు గులాబీరంగుకి తిరిగాయి, ఆ ఏడు వలలో పడిన పులసలన్నిటికీ పళ్లు తళతళలాడిపోయాయి, ఒక పులస అయితే కత్తిపీట చూసి నవ్వింది. కొట్లో జనం ఊగిపోయారు. అంత నవ్వు నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ నవ్వు మధ్యలో ఎవరో అడిగారు, అసలు బండి ఎందుకు జారిందండీ అని.

కథ అన్నాక కారణం ఉండాలి. నా నోట్లో ఒక్క క్షణం కూడా ఖాళీ లేదు. సీటు కింద సారా సీసా ఉందన్నాను. ప్రార్థన చేసుకుంటున్నట్టు కళ్లు మూసుకుని గుటక వేసేవాడన్నాను. ఆయన కళ్లు మూసుకునే తీరు కూడా చేసి చూపించాను. గారు లేదు. వేసేవాడు, తాగేవాడు.

పులసల పళ్లు ఎవరూ నమ్మలేదు. సారా ముక్క అందరూ నమ్మారు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒకే నోటితో, ఒకే గుక్కలో రెండు అబద్ధాలు చెప్పాను. ఒకటి నవ్వి వదిలేశారు, రెండోది ఇంటికి పట్టుకెళ్లారు. ఎందుకు? పేట మనిషి, డ్రైవరు, తాగే ఉంటాడు. అంతేనా అయ్యా? ఒక్కడైనా, ఆ మనిషి తాగడే, మాకు తెలుసే అన్నాడా? వాళ్ల మీద కోపం తెచ్చుకుని కూర్చుంటే నాకు కొంచెం హాయిగా ఉంటుంది. కానీ వాళ్లు ఏది సులువుగా నమ్ముతారో నాకు తెలియదా? తెలుసు. ఎక్కడ ఏది పండుతుందో తెలియకుండా ఇన్నేళ్లు కథలు అమ్ముకుని బతకలేదు నేను.

కథకి కాళ్లు వచ్చాయి. రేవులు దాటింది, బస్సులెక్కింది, చివరికి ఆయన సంఘానికి చేరింది. అక్కడ పెద్దలు ఆయన్ని పిలిచి అడిగారు. తాగలేదని చెప్పారు. అయితే బండి ఎందుకు జారింది అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు. పెద్దరికం తీసేశారు. ప్రభువు బల్లకి దూరం పెట్టారు. అంటే, ఆరాధనకి రావచ్చు, కూర్చోవచ్చు, పాడవచ్చు. కానీ రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు ఆయనకి ఇవ్వరు. వాళ్ల పద్ధతి అది. మళ్లీ చేర్చుకోవడానికి కూడా పద్ధతి ఉంది. సంఘం ముందు నిలబడి, తప్పు చేశాను, తాగాను అని ఒప్పుకుంటే చాలు. అదే ఆదివారం బల్లలోకి తీసుకుంటారు.

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆయన ఆడలేదు. చెయ్యని పని చేశానని ఒప్పుకోలేదు. నా పేరూ చెప్పలేదు. పన్నెండేళ్లు.

నా పేరు ఎందుకు చెప్పలేదు? మంచితనం అనుకుందాం అంటే అది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి నమ్మబుద్ధి కావడం లేదు. ఊళ్లో మనిషి పేరు పేట మనిషి చెబితే ఎవరు నమ్ముతారని ఊరుకున్నారేమో. అలా అయితే ఆయన నన్ను కాపాడలేదు, నేనే ఆయన నోరు నొక్కేశాను. ఒక్కోసారి ఆయన మీద కూడా మండిపడతాను. ఎవరు అడిగారండీ మిమ్మల్ని? ఆ రోజు పంటు మీదే, పదిమంది ముందు, వీడి ప్యాంటు చూడండయ్యా అని అరిచి ఉంటే మీకు ఇదంతా ఉండేదా? నాకు ఉండేదా? ఇలా అనుకుని, అనుకున్నందుకు మళ్లీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఒకసారి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, ఇందులో మాత్రం అతిశయం లేదు. ఆదివారం పొద్దున్న వాళ్ల గుడి, అదే చర్చి, కిటికీ దగ్గర నిలబడ్డాను. బల్ల ఇస్తున్నారు. ఏసుపాదం గారు చివరి వరసలో చాప మీద కూర్చున్నారు. పళ్లెం ఆ వరసలోకి వచ్చింది. పక్కాయన తీసుకుని, ఆయన ఒడి మీదుగా చెయ్యి చాచి అవతలివాళ్లకి అందించారు. పళ్లెం సరిగా వెళ్లడానికి ఏసుపాదం గారు కొంచెం వెనక్కి ఒరిగారు. అలవాటైన ఒరగడం. ఎన్ని ఆదివారాలు ఒరిగితే అంత అలవాటవుతుంది?

లోపలికి అడుగు వెయ్యబోయాను. వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. చెప్పులు విడుస్తున్న ఒక కుర్రమేష్టారు.

"మీరు పులసల పళ్ల కథ చెప్పేవారు కదండీ. ఒక్కసారి చెప్పండి, మీ నోట వినాలి."

చెప్పాను. ఆ గుడి అరుగు మీద, ఆ కిటికీ కింద నిలబడి చెప్పాను. సారా ముక్క మాత్రం వదిలేశాను, ఏదో పెద్ద త్యాగం చేసినట్టు. కుర్రమేష్టారు ఊరుకోలేదు.

"సీసా ముక్క మర్చిపోయేరండి," అని తనే అందుకుని, కళ్లు మూసుకుని గుటక వెయ్యడంతో సహా చేసి చూపించాడు. నేను చేసినదానికంటే బాగా చేశాడు.

నవ్వాను. అవునండి, నేను కూడా నవ్వాను. లోపల పాట మొదలైంది. ఆ పాటలో ఏసుపాదం గారి గొంతు విడిగా వినిపించింది. నేను బస్సెక్కి వచ్చేశాను.

పోయిన నెలలో ఏసుపాదం గారు పోయారు. ఇప్పుడు రాస్తున్నాను చూడండి, ఆయన పోయాక. నా ధైర్యం అంతటిది. సమాధి దగ్గర అందరూ మంచిగానే మాట్లాడారు. దొడ్డమనిషి, ఆ ఒక్కరోజే పొరపాటు చేశాడు అన్నారు. ఆ ఒక్కరోజు. మట్టి వేస్తున్నవాళ్ల చేతిలోంచి పార లాక్కుని నా నెత్తిన కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. పిడికెడు మట్టి వేసి పక్కకి వచ్చాను.

అప్పుడు ఆవిడ వచ్చారు. ఆయన భార్య, మరియమ్మ గారు. తెల్ల చీర, చేతిలో ఆయన కళ్లజోడు. నన్ను పక్కకి పిలిచారు.

"మీరు మా ఆయనతో ఆ బండిలో తిరిగేరంట కదండీ. ఒక్క మాట అడుగుతాను. ఆ పూట ఆయన తాగేరా?"

"లేదండి. ఎప్పుడూ తాగలేదండి."

"ఆయ్. నాకూ అదే చెప్పేరండి. నేను నమ్మేను." కళ్లజోడు మడిచి పట్టుకున్నారు. "మరి బండెందుకు జారిందండీ? ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మీకేవైనా తెలుసా?"

టీ కొట్లో అడిగింది అదే. సంఘం అడిగింది అదే. ఎవరు ఏది అడిగినా కళ్లార్పే లోపల కారణం పుట్టించే నోరు నాది. ఆవిడ ముందు ఒక్క మాట పుట్టలేదు. నిజం అక్కడే ఉంది, పెదాల వెనకే. దాన్ని బయటికి నెట్టే అలవాటు నా నోటికి లేదు. ఆవిడ చూసి చూసి, తెలియదు కాబోలు అనుకుని, కళ్లజోడు కొంగుతో తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చి ఈ కాగితాలు ముందు వేసుకున్నాను. నా పేరు రాయడం లేదు, ఊరు రాయడం లేదు. ఇందులో కూడా దాక్కుంటున్నానని నాకు తెలుసు. ఆవిడకి చదువు వచ్చు, రోజూ బైబిలు చదువుతారు. ఇది ముందు ఆవిడ చేతిలో పెట్టాలి. పెడతానా? మళ్లీ మళ్లీ నన్నే అడుగుతున్నాను. పెట్టినా ఆ చాప మీద ఆదివారాలు వెనక్కి రావు. ఆవిడ క్షమించాలనీ, మీరు క్షమించాలనీ నేను అడగడం లేదు. అడిగితే మీరు నా చెంప మీద కొట్టాలి.

ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం రాస్తాను. పన్నెండేళ్లలో మొదటిసారి, ఏమీ కలపకుండా.

బండి ఎందుకు జారిందంటే, దిమ్మ పెట్టానని నేను చెప్పాను, ఆయన నమ్మి కాలు తీశారు. దిమ్మ చక్రం కింద లేదండి. దాని మీద నేను కూర్చున్నాను.